అసలు పులి, కంప్యూటర్ పులి: బొమ్మ నిజంలా మారిన 60 ఏండ్ల కథ



కొంచెం పెద్ద పోస్టే. తీరిగ్గా చదవండి.

పోయిన పత్తి సీజన్‌లో మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. రోడ్డు మీద, మోరీ పక్కన పెద్ద పులి నిలబడి ఉంది. వెనకాల పత్తి చేను. కింద "మన ఊరి దగ్గరే, జాగ్రత్త" అని రాసి ఉంది. గంటలోపు చుట్టుపక్కల నాలుగు ఊర్లకు పాకింది. రెండు రోజులు ఎవ్వరూ పత్తి ఏరడానికి పోలేదు. మా అవ్వ కూడా పోలేదు. రెండు రోజుల కూలి పాయె. పగిలిన పత్తి చేన్లనే ఉండె.

మా తాత ఒక్కడే ఆ ఫొటో చూసి, "అడుగులు ఎవరన్న చూసిండ్రా?" అని అడిగిండు. ఎవరూ చూడలేదు. మూడో రోజు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ వచ్చి వాగు ఒడ్డు, చేన్ల గట్లు తిరిగి చూసి, పులి వచ్చిన గుర్తే లేదన్నాడు. తర్వాత మా చిన్నాయన కొడుకు ఫొటోను పెద్దగా చేసి చూస్తే అది మా మోరీయే కాదు. పులి ముందు కాలు ఒకటి నేలకు ఆనలేదు. ఏఐతో ఎవరో చేసిన బొమ్మ.

మా వాళ్లు అమాయకులు అని నవ్వకండి. మాది పులి నిజంగా తిరిగే ఇలాక. మన మంచిర్యాల జిల్లా జన్నారం అడవులు కవ్వాల్ టైగర్ రిజర్వ్‌లో ఉన్నాయి. 2012 నుంచి అది టైగర్ రిజర్వ్. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ప్రాణహిత దాటి పులులు ఇటు వస్తాయి. 2020 నవంబర్‌లో దహెగాం మండలంలో పులి దాడికి ఒక ఆదివాసీ యువకుడు చనిపోయాడు. 2024 నవంబర్‌లో కాగజ్‌నగర్ మండలంలో పత్తి ఏరడానికి పోయిన ఒక యువతి చనిపోయింది. కాబట్టి భయం అబద్ధం కాదు, ఫొటో అబద్ధం.

అప్పటినుంచి నా బుర్రలో ఒకటే తిరుగుతుంది. లేని పులిని ఉన్నట్టు చూపించే తెలివి కంప్యూటర్‌కు ఎట్లా వచ్చింది? ఒక్కరోజులో రాలేదు. దీని వెనక 60 ఏండ్ల చరిత్ర ఉంది. అందులో మన హైదరాబాద్ ఉంది, మన కొమురం భీం పేరు కూడా ఉంది. నేను తెలుసుకున్నంత చెప్తాను.

కంప్యూటర్ లేని రోజుల్లో

నిజంలా చూపించాలన్న కోరిక కంప్యూటర్ కంటే పాతది. 1957 నాటి 'మాయాబజార్' టీవీలో ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే పోతాయి. అందులో కంప్యూటర్ పని చుక్క కూడా లేదు. దర్శకుడు కె.వి.రెడ్డి, కెమెరా పట్టిన మార్కస్ బార్ట్‌లీ కెమెరా ఉపాయాలతోనే మాయ చేశారు. కానీ ఆ ఉపాయానికి ఒక హద్దు ఉంది. ఏ మాయ చేసినా కెమెరా ముందు ఏదో ఒక వస్తువు ఉండాలి. లడ్డూ నిజమైన లడ్డూనే.

కంప్యూటర్ చేసింది ఏంటంటే, ఆ హద్దును తీసేసింది. కెమెరా ముందు ఏమీ లేకున్నా బొమ్మ వస్తుంది.

గీత నుంచి గిన్నె దాకా

1963లో అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ అనే విద్యార్థి 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రాం చేశాడు. వెలుగు పెన్నుతో తెర మీద గీత గీస్తే కంప్యూటర్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, జరిపితే జరుగుతుంది. అప్పటికి అన్నీ గీతలే. మన ఇంటి ముందు ముగ్గు లాగానే అనుకోండి. ముగ్గును చూసి ఎవరూ నిజం పువ్వు అనుకోరు కదా.

తర్వాత అమెరికాలోనే యూటా యూనివర్సిటీ ఈ పనికి పెద్ద అడ్డా అయింది. అక్కడివాళ్లకు వచ్చిన మొదటి చిక్కు ఇది. కంప్యూటర్‌కు గుండ్రటి వస్తువు తెలియదు. దేన్నైనా చిన్న చిన్న పలకలుగా కోసి చెప్పాలి. అట్లా చేస్తే కుండ కూడా పలకలు పలకలుగా, చెక్కిన రాయి లాగా కనిపిస్తుంది. 1971లో హెన్రీ గూరో అనే ఫ్రెంచ్ విద్యార్థి, పలక అంచుల దగ్గర రంగును కొంచెం కొంచెం కలుపుతూ పోతే నునుపుగా కనిపిస్తుందని చూపించాడు. పరీక్ష కోసం తన భార్య ముఖాన్నే కొలతలు తీసుకుని బొమ్మ చేశాడు.

వియత్నాంలో పుట్టిన బుయ్ తువాంగ్ ఫాంగ్ ఇంకో అడుగు వేశాడు. తోమిన ఇత్తడి బిందె మీద ఎండ పడితే ఒక్కచోట తెల్లగా మెరుస్తుంది చూడండి, ఆ మెరుపు ఎక్కడ పడాలో లెక్క కట్టే పద్ధతి అతనిది. 1975లో అది అచ్చయింది. అదే ఏడాది, చిన్న వయసులోనే అతను చనిపోయాడు. యుద్ధం నడుస్తున్న దేశం నుంచి వచ్చిన ఒక విద్యార్థి లెక్క ఇంకా గ్రాఫిక్స్ చదివే ప్రతి పిల్లవాడికీ పాఠమే. ఇది చదివినప్పుడు నాకు మస్తు ధైర్యం వచ్చింది.

అక్కడే ఎడ్ క్యాట్‌మల్ 1972లో తన సొంత చేతిని కంప్యూటర్ బొమ్మగా చేసి వేళ్లు కదిలించాడు. 1974లో ఒక వస్తువు ఆకారం మీద ఫొటోను చుట్టి అతికించే పద్ధతి చెప్పాడు. గోడకు కాగితం అంటించినట్టే. దాంతో చెక్క చెక్కలా, రాయి రాయిలా కనపడడం మొదలైంది. ఈయనే తర్వాత పిక్సార్ కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడు. 1995లో మొత్తం కంప్యూటర్ మీదే చేసిన మొదటి పూర్తి నిడివి సినిమా 'టాయ్ స్టోరీ' తీసింది ఆ కంపెనీయే.

1975లో మార్టిన్ న్యూవెల్ పరీక్ష కోసం ఏదన్నా వస్తువు కావాలని వెతుకుతుంటే, భార్య ఇంట్లో ఉన్న టీ కెటిల్‌ను గీయమంది. ఆ కెటిల్ కొలతలే ప్రపంచమంతా వాడుకున్నారు. అసలు కెటిల్ ఇప్పుడు కాలిఫోర్నియాలో మ్యూజియంలో ఉంది.

ఇక్కడ ఒకటి గమనించండి. భార్య ముఖం, సొంత చెయ్యి, వంటింటి కెటిల్. వాళ్లంతా మొదలుపెట్టింది తమకు బాగా తెలిసిన, రోజూ కళ్లముందు ఉండే వస్తువుతోనే.

మరీ నునుపైతే నమ్మం

కంప్యూటర్ బొమ్మ మరీ శుభ్రంగా ఉంటుంది. అదే దాని లోపం. 1982 నాటి 'ట్రాన్' సినిమాకు పనిచేసిన కెన్ పెర్లిన్‌కు ఆ యంత్రం లాంటి నునుపు నచ్చలేదు. నిజంలో ఏ రెండు ఆకులూ ఒక్క తీరు ఉండవు. టేకు చెక్క గీతలు చూడండి, ఒక క్రమం ఉంటుంది, ఒక్కటీ ఇంకోదాని లాగా ఉండదు. అట్లాంటి అక్రమమైన క్రమాన్ని పుట్టించే లెక్కను ఆయన కనిపెట్టాడు. మబ్బులు, పొగ, మట్టి, రాయి అన్నిటికీ అది పనికొచ్చింది. దానికి 1997లో ఆస్కార్ వాళ్లు సాంకేతిక పురస్కారం ఇచ్చారు.

ఆ తర్వాత వెలుతురు. మిట్ట మధ్యాహ్నం ఇప్పచెట్టు కింద కూర్చుంటే నీడలో చీకటి ఉండదు. ఆకుల మీద పడి, నేల మీద పడి, అక్కడినుంచి ఎగిరిన వెలుతురు మన ముఖం మీద పడుతుంది, కొంచెం ఆకుపచ్చ కూడా కలుస్తుంది. మొదటి కంప్యూటర్ బొమ్మల్లో ఇది లేదు. 1980లో టర్నర్ విట్టెడ్ ఒక్కో వెలుతురు గీత అద్దం మీద, నీళ్ల మీద పడి ఎటు తిరుగుతుందో లెక్క కట్టే పద్ధతి చెప్పాడు. 1984లో కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు, ఎర్ర గోడ పక్కనున్న తెల్ల గోడ మీద ఎరుపు ఎట్లా పడుతుందో చూపించారు. 1986లో జిమ్ కజియా ఇవన్నీ కలిపి ఒక్క సమీకరణం రాశాడు. లెక్క అయితే దొరికింది కానీ దాన్ని చేసే బలం అప్పటి కంప్యూటర్లకు లేదు. సినిమాలో ఒక్క సెకనుకు 24 బొమ్మలు కావాలి, ఒక్కో బొమ్మకు గంటలు పట్టేది.

అందుకే 1993లో 'జురాసిక్ పార్క్' చూసి జనం నోరెళ్లబెట్టినా, అందులో డైనోసార్లు కనిపించే 15 నిమిషాల్లో కంప్యూటర్‌వి సగం కంటే తక్కువే. మిగతావి చేత్తో చేసిన యంత్రం బొమ్మలు.

చర్మం, వెంట్రుక

అన్నిటికంటే కష్టమైంది ప్రాణం ఉన్న శరీరం. రాత్రి కరెంటు పోయినప్పుడు సెల్ టార్చ్ మీద అరచెయ్యి పెట్టండి. వేళ్ల మధ్య ఎర్రగా వెలుగుతుంది. అంటే వెలుతురు చర్మం లోపలికి పోయి, అటు ఇటు తిరిగి, బయటకు వస్తుంది. ఇది తెలియక పాత కంప్యూటర్ మనుషులు ప్లాస్టిక్ బొమ్మల్లా ఉండేవాళ్లు. 2001లో హెన్రిక్ జెన్సెన్, ఆయనతో పాటు ఇంకో ముగ్గురు దీనికి త్వరగా అయ్యే లెక్క ఇచ్చారు. దీనికీ ఆస్కార్ వాళ్ల సాంకేతిక పురస్కారం వచ్చింది.

ఇక వెంట్రుక. పులి ఒంటి మీద లక్షల వెంట్రుకలు. ఒక్కోటి వంగాలి, తడిస్తే అతుక్కోవాలి, గాలికి కదలాలి, కింద కండ కదిలితే దాంతోపాటు కదలాలి. 1989లో కజియా, టిమోతీ కే కలిసి బొచ్చు ఎలుగుబంటి బొమ్మ ఒకటి చేసి చూపించారు. అక్కడినుంచి 2012లో వచ్చిన 'లైఫ్ ఆఫ్ పై' దాకా 23 ఏండ్లు పట్టింది. పడవలో ఆ పిల్లగాడితో ఉన్న పులి చాలా భాగం కంప్యూటర్‌దే. చేసినవాళ్లు నిజం పులులను గంటల తరబడి చూసి, వాటి నడక, ఊపిరి, చెవుల కదలిక గమనించి చేశారు. ఆ పని చేసిన రిథమ్ అండ్ హ్యూస్ అనే అమెరికా కంపెనీకి మన హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. ఆ సినిమాకు హైదరాబాద్ పిల్లలు కూడా పనిచేశారు.

2013 ఫిబ్రవరిలో ఆ సినిమా గ్రాఫిక్స్‌కు ఆస్కార్ వచ్చింది. అదే నెలలో ఆ కంపెనీ దివాలా తీసింది. పులి ప్రపంచమంతా తిరిగింది, చేసినవాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. ఈ రంగంలోకి పోవాలనుకునే తమ్ముళ్లు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

తెలుగు తెర మీద

మన దగ్గర 1995లో కోడి రామకృష్ణ దర్శకత్వంలో 'అమ్మోరు' వచ్చింది. కంప్యూటర్ గ్రాఫిక్స్ అనే మాట ఊర్ల దాకా తెచ్చిన సినిమా అది. మా అవ్వ ఇప్పటికీ దాని గురించి చెప్తది. అదే దర్శకుడు 2004లో 'అంజి', 2009లో 'అరుంధతి' తీశారు. 2009లోనే రాజమౌళి 'మగధీర', 2012లో 'ఈగ' వచ్చాయి. 'ఈగ'లో కథానాయకుడే కంప్యూటర్ బొమ్మ. ఈగకు నవ్వే ముఖం లేదు, మాట లేదు. కాళ్లు రుద్దుకోవడం, తల తిప్పడంతోనే కోపం, ప్రేమ చూపించాలి. హైదరాబాద్‌లోని మకుట సంస్థ ఆ పని చేసి జాతీయ అవార్డు తెచ్చుకుంది. 2015లో 'బాహుబలి' మొదటి భాగానికి వి.శ్రీనివాస్ మోహన్‌కు జాతీయ అవార్డు వచ్చింది. 2022 మార్చి 25న విడుదలైన 'ఆర్‌ఆర్‌ఆర్'కు కూడా ఆయనకే వచ్చింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

భీం, పులి

'ఆర్‌ఆర్‌ఆర్'లో భీం మొదట కనిపించేది అడవిలో, పులితో తలపడుతూ. మంచిర్యాలలో చూసినప్పుడు థియేటర్ దద్దరిల్లింది. నేనూ ఈలలు వేసిన. తెర మీద మన భీం పేరు పడితే ఏ ఆదివాసీ పిల్లగాడు ఊకుంటడు?

ఆ పులి ఎంత బాగుంది! బొచ్చు, కండ, గాండ్రింపు, వల లాగితే ఒళ్లు తిరగడం, పైన చెప్పిన 60 ఏండ్ల చదువంతా దాంట్లో ఉంది. కానీ ఆ అడవి మనది కాదు. ఆ సన్నివేశం బల్గేరియా అడవుల్లో తీశారు. రెండోసారి చూస్తే తెలుస్తుంది. ఆ చెట్లలో మన టేకు లేదు, మద్ది లేదు, తునికి లేదు, మోదుగ లేదు. పులి వెంట్రుక సరిగ్గా వచ్చింది, అడవి రాలేదు.

కథ కూడా అంతే. సినిమా వాళ్లు ముందే ఇది కల్పన అని చెప్పారు, దాంట్లో వాళ్ల తప్పేం లేదు. కానీ మా హాస్టల్‌లో ఇంటర్ చదివే తమ్ముడు ఒకరోజు "అన్నా, భీం, అల్లూరి ఢిల్లీల కలిసిండ్రు కదా" అని అడిగిండు. వాడూ మనోడే. అల్లూరి సీతారామరాజును 1924లోనే బ్రిటిష్ వాళ్లు చంపేశారు. మన భీం కొట్లాడింది నిజాం సర్కారుతో, జల్ జంగల్ జమీన్ కోసం, ప్రాణం ఇచ్చింది 1940లో జోడేఘాట్‌లో. ఈ రెండు సంగతులు మన పిల్లలకే తెలియకపోతే ఎట్లా?

2020 అక్టోబర్‌లో ఆ సినిమా టీజర్‌లో భీం పాత్ర టోపీ పెట్టుకుని కనిపించినప్పుడు మన ఆదివాసీ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. అప్పుడు చాలామంది "సినిమాను సినిమాలాగా చూడండి" అన్నారు. నాకు ఇప్పుడు అనిపించేది ఏంటంటే, బొమ్మ బొమ్మలా ఉన్నంత కాలం ఆ మాట నడుస్తుంది. 'మాయాబజార్' లడ్డూలను ఎవరూ చరిత్ర అనుకోలేదు. పులి వెంట్రుక కూడా నిజంలా ఉన్నప్పుడు, దాని పక్కన నిలబడ్డ కథ కూడా నిజమే అనిపిస్తుంది. కన్ను పులిని నమ్మింది, మనసు కథను కూడా నమ్మేసింది.

అల్లాణి శ్రీధర్ తీసిన 'కొమురం భీం' అనే సినిమా ఒకటుంది. 1990లో తీశారు, థియేటర్లకు వచ్చేసరికి 2010 అయింది. కంప్యూటర్ పులి లేదు. ఆ సినిమా మనలో ఎంతమంది చూసినం? చేయెత్తమంటే నేను కూడా మొన్నటిదాకా ఎత్తకపోదు.

ఏఐ వచ్చాక

2022లో మాట రాస్తే బొమ్మ గీసే ఏఐలు జనంలోకి వచ్చాయి. ఆ తర్వాత మాట రాస్తే వీడియో తీసేవి కూడా వస్తున్నాయి. ఇది పాత గ్రాఫిక్స్ కంటే వేరు. ఫాంగ్, పెర్లిన్, పులి చేసినవాళ్లు నిజం వస్తువును చూసి, అది ఎందుకు అట్లా కనిపిస్తుందో అర్థం చేసుకున్నారు. ఏఐ వస్తువును చూడదు. నెట్‌లో ఉన్న కోట్ల ఫొటోలను చూసి, వాటిలాంటిదే ఇంకోటి తయారు చేస్తుంది. నెట్‌లో ఎవరి ఫొటోలు ఎక్కువుంటే వాళ్లు సరిగ్గా వస్తారు. తక్కువున్నవాళ్లు ఇంకెవరి లాగానో వస్తారు.

నేను ఒక యాప్‌లో "గోండుల దండారి" అని రాసి చూసిన. తలకు నిలువుగా నాలుగు ఈకలు, ముఖానికి రంగు గీతలు, చేతిలో బల్లెం, వెనకాల ఎక్కడిదో గడ్డి గుడిసె. అమెరికా సినిమాలో ఆదివాసీ లాగా ఉన్నాడు. గుస్సాడి టోపీ లేదు. వందల నెమలి ఈకలతో కట్టే ఆ టోపీ మనకు దేవుడితో సమానం. అది లేకుండా దండారి ఏంది?

ఆ టోపీని కంప్యూటర్‌లో సరిగ్గా చేయడం చిన్న పని కూడా కాదు. నెమలి ఈకలో కనిపించే నీలం, పచ్చ రంగు పూసిన రంగు లాంటిది కాదు. ఈకలో కంటికి కనపడని సన్నటి పొరల అమరిక వల్ల వెలుతురు అట్లా తిరిగి వస్తుంది. అందుకే తల తిప్పితే రంగు మారుతుంది. గుస్సాడి ఆడేటప్పుడు ఆ మెరుపు ఎట్లా మారుతుందో చిన్నప్పటినుంచి చూసిన కళ్లు మనవి. మార్లవాయికి చెందిన కనకరాజు గారికి ఆ ఆటకే 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన చనిపోయారు. అట్లాంటి పెద్దల అడుగులు ఎన్ని మన దగ్గర సరిగ్గా రికార్డయి ఉన్నాయి?

అదే మార్లవాయిలో, భీం చనిపోయిన తర్వాత నిజాం సర్కారు పంపిన హైమన్‌డార్ఫ్ ఉండి, మనవాళ్ల ఫొటోలు తీసిండు. ఆ ఫొటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో భద్రంగా ఉన్నాయి. 80 ఏండ్ల కింద మన తాతల ఇండ్లు, బట్టలు, నగలు ఎట్లా ఉండేవో చూడాలంటే మనం లండన్ వైపు చూడాలి.

మనం చేయగలిగింది

సాధనం కొనలేక ఆగాల్సిన పని ఇప్పుడు లేదు. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ 2002 నుంచి అందరికీ ఉచితం. లాట్వియా అనే చిన్న దేశం వాళ్లు దాంతోనే 'ఫ్లో' అనే పిల్లి సినిమా చేశారు, 2025లో ఆస్కార్ గెలిచారు. దానికి మంచి కంప్యూటర్ కావాలి, అది మనలో చాలామందికి లేదు, ఒప్పుకుంటా. నేను కాలేజీ ల్యాబ్‌లో ఖాళీ దొరికినప్పుడు నేర్చుకుంటున్న. మూడు నెలల్లో నేను చేసింది ఒక్క ఇప్పపువ్వు. అది కూడా ఇంకా మైనపు బొమ్మలా ఉంది. వెలుతురు లోపలికి పోవట్లేదు.

కంప్యూటర్ లేనివాళ్లకు కూడా పని ఉంది. ఈ దీపావళికి దండారి మొదలైతే పెద్దల అనుమతి అడిగి, టోపీ కట్టే విధానం మొదటి నుంచి చివరిదాకా ఫోన్‌లో తీయండి. తీయొద్దంటే తీయకండి. ప్రధాన్ పెద్దలు కిక్రి పట్టి కథ చెప్తుంటే పూర్తిగా రికార్డ్ చేయండి. ఏ ఊరు, ఏ రోజు, ఎవరు చెప్పారు, అన్నీ రాసిపెట్టండి. రేపు ఎవరన్నా భీం మీద ఇంకో సినిమా తీస్తే, "మా అడవి ఇట్లుంటది, మా బట్ట ఇట్లుంటది" అని చూపించడానికి మన చేతిలో ఏదన్నా ఉండాలి కదా.

ఇంక పులి ఫొటో వస్తే పంపేముందు మూడు ప్రశ్నలు అడగండి. ఎవరు తీసిండ్రు? ఏ జాగల, ఎప్పుడు? అక్కడ అడుగులు పడ్డాయా? జవాబు దొరికేదాకా ఒంటరిగా చేనుకు పోకండి, బీట్ ఆఫీసర్‌కు ఫోన్ చేయండి, ఫొటో మాత్రం ముందుకు పంపకండి. మూడో ప్రశ్న నాది కాదు, మా తాతది. ఆయనకు ఫోన్ వాడడం రాదు.